నీళ్ల మీద ఈశాన్యం

చేతిలోకి ఫోనూ, ఫోన్లోకి చవక నెట్టూ కొత్తగా వచ్చిపడిన ఆ రోజుల్లో, ఏ పనినైనా రెండుసార్లు వీడియోలో చూస్తే అది మనకు వచ్చేసినట్టేనని గట్టిగా నమ్మేవాణ్ణి. నేనొక్కణ్ణే కాదు, ప్రొద్దుటూరులో నా ఈడువాళ్లం అందరమూ అంతే. మెకానికల్ డిప్లొమా చేసి, ఉద్యోగం దొరక్క, ఒక కూలర్ల రిపేరు షాపులో కుదిరాను. (మా అమ్మ మాత్రం అడిగినవాళ్లకు "ఏసీల ఇంజనీరు" అని చెప్పేది.) చలికాలంలో మా షాపులో ఈగలు తోలుకోవడం తప్ప పనుండదు. అలాంటి ఒక మధ్యాహ్నం ఆ వీడియో కనబడింది. ఎక్కడో చలిదేశం, చెరువంతా గడ్డకట్టి ఉంది. దాని మీద ఒకాయన చెక్కలతో చిన్న ఇల్లు కట్టుకుని, లోపల పొయ్యి పెట్టుకుని, నేలకూ, కింది మంచుగడ్డకూ బొక్క చేసి, కుర్చీలో కాలు మీద కాలేసుకుని ఆ బొక్కలోంచి గాలం వేస్తున్నాడు. ఆ ఇంటికి తన చేత్తో ఏమేమి అమర్చుకున్నాడో మురిసిపోతూ చూపిస్తున్నాడు. నాకు వెంటనే మా మామ గుర్తొచ్చాడు, ఆ వెనకే ఆయన కూతురు గుర్తొచ్చింది. (నిజం చెప్పాలంటే గుర్తొచ్చిన వరుస అటుదిటు.)

మామ అంటే మా అమ్మ తమ్ముడు. జమ్మలమడుగు అవతల, డ్యామ్ వెనక నీళ్లు పొలాల దాకా వచ్చే పల్లె ఆయనది. మనిషికి గాలం పిచ్చి. ముందటి ఎండాకాలం మిట్టమధ్యాహ్నం గట్టున కూర్చుని చేప కోసం చూస్తూ చూస్తూ కళ్లు తిరిగి పడిపోయాడు. ఆ రోజు నుంచీ అత్త గాలాన్ని దాచేసి, మళ్లీ ఎండలో గట్టుకు పోతే ఇంట్లో అడుగు పెట్టనియ్యనంది. ఇక మరదలు పులివెందులలో నర్సింగు చదువుతుండేది. మా ఇద్దరికీ పెళ్లి అన్న మాట చిన్నప్పటి నుంచీ ఇంట్లో నలుగుతున్నదే. కానీ నేను కూలర్లకు గడ్డి మార్చే పనిలో చేరాక మామ ఆ మాటెత్తడం మానేశాడు. నాకేమో ఆ పిల్లంటే ప్రాణం. ఆమెతో ఆ ముక్క చెప్పే ధైర్యం లేక, వాళ్ల నాయన మెప్పు సంపాదిస్తే చాలనుకుని తిరుగుతున్నాను.

ఆ ఆదివారమే పల్లెకు పోయి వీడియో చూపించగానే మామ ఫోను నా చేతిలోంచి లాక్కుని, మళ్లీ మళ్లీ పెట్టించుకుని చూశాడు. చివరికి అత్త వంటింట్లో ఉందని చూసుకుని గొంతు తగ్గించాడు.

"వాళ్లకు చలి, మనకు ఎండ. ఇల్లయితే ఒకటే గదప్పా. నన్ను నీళ్ల మీద నీడపట్టున కూర్చోబెట్టు. నీ సంగతి మీ అత్తతో నేను మాట్లాడతా."

ఇంకేముంది, నేలమీద నిలవలేదు నేను. మా వీధిలో కువైట్ నుంచి సెలవుకొచ్చిన వెల్డింగు భాయ్ ఉండేవాడు. షేకుల పడవలకు పనిచేశానని చెప్పేవాడు. (పడవలకు కాదు, పడవలు పెట్టే షెడ్డు గేట్లకని తర్వాత తెలిసింది.) ఇద్దరం ఆదివారాలు పోయి, ప్లాస్టిక్ డ్రమ్ములు బిగించి, ఇనుప చట్రం అతికించి, చెక్కలు పరిచి, పైన రేకులు వేశాం. రేకుల మీద తడి గోనెలు. ఆ చలిదేశపాయన పొయ్యి పెట్టిన చోట నేను బ్యాటరీతో నడిచే చిన్న కూలరు పెట్టాను. నా బతుకులో నేను కనిపెట్టిన వస్తువంటూ ఏదన్నా ఉందంటే అదే.

అంతా అయ్యాక బొక్క దగ్గర పేచీ వచ్చింది. నేను వీడియోలోలాగా సరిగ్గా నడిమధ్యన గీత గీశాను. మామ గబుక్కున నా చెయ్యి పట్టుకున్నాడు. నట్టింట్లో గుంతేంది, వాస్తు తెలిసినవాడెవడన్నా చేసే పనేనా అన్నాడు. నీళ్లు ఈశాన్యంలో ఉండాలట, బరువు నైరుతిలో ఉండాలట. ఇది ఇల్లు కాదు కదా మామా అని గొణిగాను. పైన రేకులుండి, తూర్పున వాకిలుంటే ఇల్లు కాక మరేందని అడిగాడు. "సరే మామా" అన్నాను. ఈశాన్యం మూల బొక్క కోశాం. మామది భారీ మనిషి. ఆయన ఆ మూల కూర్చుంటే అటు ఒరుగుతుందని, ఎదురు మూల, అంటే నైరుతిలో, నాపరాతి బండలు పేర్చాం. మా వైపు బండలకు కరువా? లెక్క సరిగ్గా కుదిరింది. శాస్త్రమూ నా డిప్లొమానూ ఒక్కటైపోయాయని ఆ రాత్రి నాకు సంతోషంతో నిద్ర పట్టలేదు.

ఎండలు ముదిరాక ఒక పొద్దున ఇంటిని నీళ్లలోకి దించాం. నీడలోనే గదా అని అత్త దాచిన గాలం తీసిచ్చింది, ఇల్లన్నాక పాలు పొంగించాల్సిందేనని స్టవ్వూ మోసుకొచ్చింది. సెలవులకొచ్చిన మరదలు గట్టు మీద చున్నీ తల మీదికి లాక్కుని నిలబడి, ఇటే చూస్తోంది. పాలు తూర్పుకే పొంగాయి. అత్త దిగి గట్టుకు పోయింది. మామా, నేనూ, భాయ్ లోపలున్నాం. నేనూ భాయ్ దిగి, నడుము లోతు నీళ్లలోకి తోసుకుపోయి, ఒకే ఒక్క తాడుతో ఒక రాయికి కట్టేసి మళ్లీ ఎక్కాం. (కువైట్లో అంతేనని భాయ్ చెప్పాడు.) కూలరు చల్లగా కొడుతోంది. మామ గాలం వేసి, కాలు మీద కాలేసుకుని, "అల్లుడా" అన్నాడు. అప్పా అని కాదు, రే అని కాదు, అల్లుడా అని. ఆ పిలుపుకు నా గుండె నిండిపోయింది.

కాసేపటికి గాలి లేచింది. ఒక్క తాడు మీదున్న ఇల్లు మెల్లగా తిరగడం మొదలుపెట్టింది. వాకిట్లోంచి కనబడే గట్టు పక్కకు జరిగిపోయి, ఆ చోట ఉత్త నీళ్లు కనబడ్డాయి. మామకు అనుమానం వచ్చి, ఇప్పుడు ఈశాన్యం ఎటుందో ఫోన్లో చూడమన్నాడు. చూశాను. ఈశాన్యం పోయి బండల మూలకు చేరింది. మామ కూర్చున్న బొక్క మూల నైరుతి అయి కూర్చుంది. ఆ సంగతి భాయ్ నోరు జారి పైకే చెప్పేశాడు.

మామ ముఖం మాడిపోయింది. "నైరుతిలో నీళ్లా? ఇంటి యజమానికి శానా చేటు. బొక్కను మార్చలేం గాని, బండలన్నా ఈడికి తెండి."

ఆయన అక్కడి నుంచి లేవడు. ఆయన బరువు ఆ మూలే ఉంది, బండలూ ఆ మూలకే వస్తే ఏమవుతుందో నాకు తెలుసు. డిప్లొమా అక్కర్లేదు, తక్కెడ చూసిన ఎవరికైనా తెలుసు. భాయ్ నా వైపు చూశాడు. నేను మామ వైపు చూశాను. అల్లుడా అన్న నోరది. "సరే మామా" అని మొదటి బండ ఎత్తాను. రెండోది పెట్టాక బొక్కలోంచి నీళ్లు పాదాల మీదికి వచ్చాయి. మూడోది పెట్టాక ఇల్లు ఆ మూలకు ఒరిగి, తొందరేమీ లేకుండా, మర్యాదగా మునిగింది. నీళ్లతో పాటు అరచేయంత జిలేబీ చేప ఒకటి ఆ బొక్కలోంచే లోపలికి వచ్చింది. మామ దాన్ని రెండు చేతులా పట్టేసుకున్నాడు. మోకాళ్ల దాకా నీళ్లొచ్చినా నా కూలరు మాత్రం చల్లటి గాలి కొడుతూనే ఉంది.

ముగ్గురం నడుము లోతు నీళ్లలో నడుచుకుంటూ గట్టెక్కాం. అత్త తలకాయ పట్టుకుంది. మరదలు నవ్వి నవ్వి కళ్లు తుడుచుకుని, నా దగ్గరికొచ్చి నెమ్మదిగా అడిగింది.

"బావా, బండలు ఆ మూలకు మారిస్తే మునుగుతాదని నీకు తెల్సా, తెలీదా?"

తెలీదంటే చదువు పరువు పోతుంది. అందుకే తెలుసన్నాను.

"మరి యాలకు మార్చినావు?"

"మామ చెప్పినాడు గదా."

ఈ మాటకు మామ పొంగిపోయాడు. చేప చేతిలో కొట్టుకుంటుంటే అలాగే అత్త వైపు తిరిగి, మునుగుతుందని తెలిసి కూడా తన మాట జవదాటని పిల్లోడు ఇంకెక్కడ దొరుకుతాడని, పిల్లను వీనికే ఇస్తానని తేల్చి చెప్పేశాడు. తడిసి ముద్దయిన నేను ఆకాశంలో ఉన్నాను. అంతలో మరదలు గొంతు వినబడింది.

"నాకొద్దు నాయనా. మునుగుతాదని తెల్సి గూడా నువ్వు చెప్పినావని మోసినోడు, రేపు ఎవరేం చెప్పినా మోస్తాడు. వద్దని చెప్పేటోడు కావాల నాకు."

కోపంతో అనలేదు. నా ముఖంలోకి సూటిగా చూస్తూ, నేనేదన్నా అంటానేమోనని కాస్సేపు ఆగింది కూడా. భాయ్ వెనక నుంచి నా వీపు మీద పొడిచాడు. అందరూ నా వైపే చూస్తున్నారు. నేను గొంతు సవరించుకుని, "సరే" అన్నాను.

మొదట నవ్వింది భాయ్. తర్వాత అత్త, తర్వాత మామ. ఆమె మాత్రం నవ్వలేదు. చున్నీ సర్దుకుని ఇంటి వైపు నడిచింది. ఇప్పుడు ఆమెకు ఇద్దరు పిల్లలు, పెద్ద ఆసుపత్రిలో ఉద్యోగం. పెళ్లిళ్లలో కలిస్తే బాగుండావా బావా అని ప్రేమగానే పలకరిస్తుంది. నాకూ ఇల్లుంది, సంసారముంది, కూలర్ల షాపు నాదే అయింది, లోటేమీ లేదు. అయినా ఒక్కోసారి గట్టు మీద నీళ్లోడుతూ నిలబడ్డ ఆ కుర్రాడు గుర్తొచ్చి నవ్వుకుంటాను. దగ్గరికి పోయి వాడి చెవిలో, ఒక్కసారి, ఈ ఒక్కసారికి కుదరదని చెప్పరా నాయనా అని బతిమాలాలనిపిస్తుంది. నేనలా చెబితే వాడేమంటాడో తెలుసు. "సరే" అంటాడు.