తువ్వాలు కింద ఎనిమిది లక్షలు

బేరంలో తగ్గబోయే డబ్బును బేరానికి ముందే ఖర్చు పెట్టినోడు మా ఇంట్లో మూడు తరాల్లో నేనొక్కడినే. ఎనిమిది లక్షల మిషను ఆరుకు దిగుతుందని నాకు నేనే తీర్మానం చేసుకుని, మిగలబోయే రెండు లక్షలతో కావేరిపట్టణంలో షెడ్డుకు రేకులు వేయించేసినాను. మిషను అప్పటికి జపాన్‌లోనే ఉంది.

మామిడి గుజ్జు డబ్బాలకు మూతలు బిగించే మిషను అది. పాతదే. యోకొహామాలో ఒక పెద్దాయన తన ఫ్యాక్టరీ మూసేస్తా అమ్మకానికి పెట్టినాడు. కాయల సీజనుకు ముందు అది నా షెడ్డులోకి రాకపోతే ఇంకో ఏడాది కూడా పక్కోడి ఫ్యాక్టరీలో, వాడు చెప్పిన కూలికి డబ్బాలు కట్టించుకోవాల్సిందే. నా దగ్గర మిగిలింది ఆరు లక్షలు. ఫోన్‌లో ఎంత అడిగినా ఆయన తగ్గలేదు. ముఖాముఖి కూర్చుంటే తగ్గుతాడని హోసూరులో బస్సెక్కి, బెంగళూరులో విమానమెక్కినాను.

మా చిన్నమ్మ కూతురికి ఆ ఊళ్లోనే ఉద్యోగం. ఆయన మాట నాకు, నా మాట ఆయనకు చెప్పేది తనే.

“రెండు గ్లాసులు తాగిస్తే మెత్తబడతాడు పాపా. మంచి చోటు చూడు,” అన్నాను.

“ఈడ చెప్పిన రేటే రేటన్నా. నీ బేరాలన్నీ మన కృష్ణగిరిలో పెట్టుకో.” అయినా నా పేరు చెప్పి ఆయన్ను పిలిచింది. రేవులో జర్మనీ పద్ధతి బీరు పండగ జరుగుతా ఉందంట.

సముద్రం పక్కన ఎర్ర ఇటుకల గోడౌన్లు రెండు, పాతకాలంవి. ఓడల సరుకు దించడానికి కట్టినవి. లోపలికి పోయి చూస్తే ఒక్క మూట లేదు, చేతిసంచులూ ఐస్‌క్రీములూ అమ్ముతున్నారు. అంత మంచి గోడౌన్లు! కాయల మండీ వాళ్ల ఇంట్లో పుట్టినోడికి అది చూడ్డం కష్టం. రెండింటి నడుమ పెద్ద డేరా, పొడుగు బల్లలు, తోలు నిక్కర్లేసుకున్న బ్యాండు మేళం. బీరుకు డబ్బులు కాక గ్లాసుకు వేరే డిపాజిట్టు కట్టించుకున్నారు, తిరిగిస్తే వాపసు. మా మండీ పక్కన సోడా అంగట్లో సీసాకు ఇదే పద్ధతి. ఆ దేశం మీద నాకు గౌరవం పెరిగింది.

పెద్దాయన టై కట్టుకుని వచ్చినాడు. ఆయన రెండు గ్లాసులు ఖాళీ చేసినాడు. నేను బుర్ర తేటగా ఉండాలని నా గ్లాసు ముట్టలేదు. మెత్తబడిన గుర్తులేమీ కనపడలేదు. ఇంక లాభం లేదని భుజం మీది తువ్వాలు తీసి చేతిమీద కప్పి, ఆయన ముందర చాపినాను.

“చెయ్యి తుడుచుకోమంటున్నావా అని అడుగుతున్నాడన్నా,” అంది చెల్లెలు.

“మా నాయన మండీలో రేటు ఇట్లే మాట్లాడేదని చెప్పు. ఒకటంటే ఎదుటోడి వేలు ఒకటి, అయిదంటే అయిదూ పట్టాల. పక్కోడికి తెలీకూడదు. నచ్చకపోతే ఇంకో రేటు పట్టాల. తువ్వాలు తీసినోడు ఆఖరు రేటుకు ఒప్పుకున్నట్టే. ఆ తర్వాత మాట లేదు.”

ఆయన శ్రద్ధగా విన్నాడు. రూలు ఇంకోసారి చెప్పించుకున్నాడు. తర్వాత తువ్వాలు కిందికి చెయ్యి పెట్టినాడు.

నేను అయిదు పట్టి, ఒకటి పట్టినాను. ఆరు.

ఆయన అయిదు పట్టి, మూడు పట్టినాడు. ఎనిమిది.

నేను ఏడు. ఆయన కాసేపు కళ్లు మూసుకుని మళ్లీ ఎనిమిది. వేళ్లు మాత్రం చాలా మర్యాదగా పట్టినాడు.

అంతలో బ్యాండు గ్లాసులెత్తమనే పాట అందుకుంది. డేరాలో అందరూ లేచి గ్లాసులెత్తినారు. పెద్దాయన కూడా లేచి, కుడిచెయ్యి తువ్వాలు కిందే ఉంచి, ఎడమచేత్తోనే గ్లాసెత్తి నా వైపు చూసినాడు. పెద్దోళ్ల ముందర ఎడమచెయ్యి చాపితే మా అమ్మ వీపు మీద ఒకటిచ్చేది. నా కుడిచెయ్యి దానంతటదే తువ్వాలుతో సహా బయటికొచ్చి గ్లాసు పట్టుకుంది.

పెద్దాయన గ్లాసు దించినాడు. బల్ల మీద పడిన తువ్వాలును చూసినాడు. నాకు నడుము వంచి దండం పెట్టినాడు.

“పాపా, అది లెక్కలోకి రాదని చెప్పు.”

“నేను చెప్పనన్నా. రూలు పెట్టింది నువ్వే, అదీ రెండుసార్లు.”

గ్లాసులో ఉన్నదంతా ఒక్క దమ్ములో తాగేసినాను. బాగానే ఉంది.

లెక్క ఇది. మిషను ఎనిమిది లక్షలు. ఓడ బాడుగ, సుంకం ఆయన చెప్పిన రేటులోనే ఉన్నాయి. విమానం, వీసా కలిపి తొంభై వేలు, అది చెల్లెలి దగ్గర చేబదులు. బీరు ఆరు వేలు, నేనే పిలిచినాను కాబట్టి నేనే ఇచ్చినాను. గ్లాసుల డిపాజిట్టు పైసా పోకుండా వాపసు. తువ్వాలు నూటిరవై, పెద్దాయన అడిగి తీసుకున్నాడు, డబ్బులడగడానికి నోరు రాలేదు. తక్కువ పడిన రెండు లక్షలకు నా కారు అమ్మినాను. సీజనుకు మిషను తిరిగింది, నేను హోసూరు పక్కన మా మూకండపల్లి నుంచి బస్సులో పోయి చూసుకుంటున్నాను. మొత్తం ఎనిమిది లక్షల తొంభై ఆరు వేల నూటిరవై. ఇంట్లో కూర్చుని ఫోన్‌లో సరే అనుంటే ఎనిమిది.