వాకిట్లోకొచ్చి పలకరించకుండా పోయినవాళ్లు

ప్రభావతి కుట్టిన జేబు చిరగదు. చిక్కడపల్లిలో ఆమెను ఎరిగినవాళ్లు ముందుగా చెప్పే మాట అదే. కుట్టుపని ఆమెకు ఎవరూ నేర్పలేదు. పెళ్లయిన కొత్తలో భర్త పాత చొక్కాలు విప్పదీసి, ఏ ముక్క ఎక్కడ అతుకుతుందో చూసుకుని మళ్లీ కుట్టి నేర్చుకుంది. జేబు మూలల వెనక లోపలివైపు చిన్న గుడ్డముక్క వేసి కుట్టడం అప్పుడే అలవాటైంది. అది పైకి కనిపించదు, వేయకపోయినా అడిగేవాళ్లుండరు. ఆమె మాత్రం మానదు.

ఏళ్ల తరబడి ఒక బడికి యూనిఫారాలు కుట్టింది. 2013 వేసవిలో ఆ బడివాళ్లు పెద్ద షోరూముకు మారిపోయారు. దాంతో రెండు మిషన్లూ, ఒకదాని ముందు కూర్చునే తనూ, రెండోదాని ముందు కూర్చునే బుగ్గమ్మా ఖాళీ అయిపోయారు. బుగ్గమ్మ పాలమూరు నుంచి వచ్చి కవాడిగూడ బస్తీలో ఉంటోంది. మిషన్లున్న మేడమీది గదికి గిరాకీ బాగా ఉంది. అశోక్ నగర్‌లో కోచింగు తీసుకునే పిల్లలు గది కోసం రోజూ గేటు కొడుతూనే ఉంటారు. నెలాఖరు దాకా చూస్తాననీ, పని దొరకకపోతే పిల్లలకు ఇచ్చేస్తాననీ ఇంటి ఓనరు కమలవ్వ చెప్పేసింది. గది పోతే మిషన్లు పెట్టుకునే చోటు ప్రభావతి ఇంట్లో లేదు.

అప్పుడు ఆడబిడ్డ సంయుక్త రంగంలోకి దిగింది. బేగంపేటలో ఆఫీసు ఉద్యోగం ఆమెది. ఉద్యోగస్తులూ వ్యాపారులూ ఒకరినొకరు వెతుక్కునే లింక్డిన్ అనే సైటులో వదిన పేరున ఒక పేజీ తెరిచి, ల్యాబుల్లో వేసుకునే తెల్లకోట్లు కుడతామని రాసింది. ఫొటో అడిగితే ప్రభావతి మచ్చుకు కుట్టిన కోట్లలో ఒకదాన్ని తిరగేసి, లోపలి కుట్లు కనబడేలా తీయమంది.

"నీ మొఖం పెట్టు వదినా. కోటు లోపట ఎవలు సూస్తరు?"

"నా మొఖం సూసి కోటు ఎవలు కొంటరే?"

సంయుక్త ఆ కోటు ఫొటోనే పెట్టి, తన పాత ల్యాప్‌టాప్ వదినకిచ్చి వెళ్లింది.

వారం తిరక్కుండానే ఆ పేజీలో ఒక మూల ప్రభావతికి ఒక సంగతి కనిపించింది. ఈ మధ్య మీ పేజీ చూసి వెళ్లినవాళ్లు వీళ్లు అంటూ ఐదు పేర్లు, ఫొటోలతో సహా. ఐదుగురు మనుషులు వాకిట్లోకొచ్చి, మంచినీళ్లయినా ముట్టకుండా తిరిగిపోయారన్నమాట. వచ్చినవాళ్లను కూర్చోమనకుండా పంపిన పేరు ఆ ఇంటికి లేదు. పరిచయం కోరుతూ రెండు ముక్కలు రాసుకునే వీలు సైటులోనే ఉంది. ఇంగ్లిషు అక్షరాలను ఒక్కొక్కటే వెతుక్కుంటూ ఐదుగురికీ తెలుగులో రాసి పంపింది: "మీరు మొన్న మా దిక్కు వచ్చి మాట్లాడకుండనే పోయిన్రు. నేను సూడలే, ఏమనుకోకున్రి. ఐతారం సాయంత్రం చాయకు రాన్రి." కింద మేడమీది గది చిరునామా, గేటు రంగుతో సహా.

శనివారం సంయుక్త ఆయాసపడుతూ మేడెక్కి వచ్చింది.

"వదినా, మా మేనేజరుకు ఏం రాసినవ్?"

"మీ మేనేజరు గూడ వచ్చి పోయిండా?"

"అది ఇల్లు గాదు వదినా. ఎవల పేజీ ఎవలన్న సూస్తరు, పోతరు. ఎందుకొచ్చినవని ఎవలడగరు. పాపం, ఆయన సిగ్గుపడి వస్తున్నడు, పెండ్లాన్ని గూడ తోల్కొని. ఏం తేవాల్నని నన్నడుగుతున్నడు."

"ఏం తేవద్దని చెప్పు. సర్వపిండి తింటడా అడుగు."

సంయుక్త తిడదామని నోరు తెరిచింది కానీ నవ్వు ముందొచ్చింది. ఒకసారి మొదలైన నవ్వు ఆగలేదు. ఆమెను చూసి బుగ్గమ్మ, బుగ్గమ్మను చూసి ప్రభావతి. ముగ్గురూ మిషన్లు పట్టుకుని కళ్లలో నీళ్లొచ్చేదాకా నవ్వారు.

ఐదుగురిలో ఇద్దరు పలకలేదు. ఆదివారం ముందుగా ఇన్సూరెన్సు ఏజెంటు ఒకాయన వచ్చి, కూర్చోకముందే పాలసీల గురించి మొదలుపెట్టాడు. తర్వాత సంయుక్త వెంట మేనేజరూ ఆయన భార్యా వచ్చి సర్వపిండి మీద పడ్డారు. ఆఖరున స్కూటరు మీద రామచంద్రరావు వచ్చాడు. దోమలగూడలో రక్తపరీక్షల ల్యాబు ఒకటుంది, అందులో సామాను కొనే పని ఆయనది. చాయ ముట్టలేదు.

"మా పిల్లలు కోటు జేబుల్ల చేతులు పెట్టి ఉరుకుతరు. తలుపు పిడికి తట్టుకుంటది, జేబు ఊడి చేతికొస్తది. మీ ఫొటోల జేబు ఎనక గుడ్డముక్క సూసిన. అన్నిట్ల ఏస్తరా, ఫొటో కోసం ఏసిన్రా?"

ప్రభావతి దండెం మీద నుంచి చేతికందిన కోటు తీసి ఇచ్చింది. ఆయన జేబులో పిడికిలి దూర్చి, కోటు మెడ బుగ్గమ్మకు పట్టుకోమని ఇచ్చి, కిందికి గుంజాడు. ఏజెంటు పాలసీ మధ్యలో ఆపేశాడు. ఈ నెలాఖరు సంగతంతా ఇప్పుడు ఆ జేబులోనే ఉందని ప్రభావతికి తెలుసు. నెలాఖరు సంగతి ఎరిగిన సంయుక్త కళ్లు మూసుకుంది.

"ఇంగ గుంజు సారూ. ఆ జేబు నేను కుట్టింది" అంది బుగ్గమ్మ.

ఆయన కాలు నేలకు అదిమిపెట్టి మరీ గుంజాడు. కళ్లజోడు జారి సర్వపిండి పళ్లెంలో పడింది. జేబు కదల్లేదు.

రామచంద్రరావు కళ్లజోడు తుడుచుకుని అప్పుడు చాయ అందుకున్నాడు. ల్యాబులో అందరికీ కోట్లు కావాలన్నాడు. చిన్నవీ పెద్దవీ అని అందాజాగా కుట్టి పంపననీ, రేపే వచ్చి ఒక్కొక్కరి కొలతా తీసుకుంటాననీ ప్రభావతి అంది. తనకు కావలసిందీ అదేనన్నాడాయన.

"దునియంత తిరిగి దోమలగూడల దొరికిండు. నడిచిపోయి అడిగినా అయిపోతుండె గద" అని సంయుక్త వదిన చెవిలో గొణిగింది.

అంతలో గుమ్మంలో ఒక కుర్రాడు నిలబడ్డాడు. పలకకుండా ఉండిపోయిన ఇద్దరిలో ఒకడనుకుని ప్రభావతి చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టి, పళ్లెం చేతికిచ్చి, మొన్న ఎందుకు మాట్లాడకుండా పోయావని అడిగింది. వాడు నోటినిండా సర్వపిండితో, గది చూద్దామని వచ్చాననీ, నెలాఖరుకు ఖాళీ అవుతుందని కింద అవ్వ చెప్పిందనీ అన్నాడు.

మేనేజరు భార్యతో సహా అందరూ ఒక్కసారిగా నవ్వారు. సంగతేమిటో తెలియకపోయినా కుర్రాడూ నవ్వాడు.

కింది నుంచి కమలవ్వ కేకేసింది. "సూసిండా గది?"

ప్రభావతి పిట్టగోడ మీదికి వంగింది. "సూసిండవ్వా. గది మాకే గావాలె. నువ్వు గూడ రా పైకి, చాయ సల్లారుతది."

ఆమె వెనక్కి తిరిగేసరికి బుగ్గమ్మ మిషనుకు తెల్లదారం ఎక్కిస్తోంది.