నాలుగో వరసలో రెండు చిన్నరసాలు

మా తాతయ్య వెంకటకృష్ణారావుని సృష్టికి ముందు ఒక్కసారి సంప్రదించి ఉంటే, ఏ జాతకంలోనూ ఒకే గడిలో నాలుగు గ్రహాలు ఇరుక్కుని కూర్చునేవి కావు. గ్రహాలు తొమ్మిది, మా తాతయ్యకి కావలసిన అంకెలూ తొమ్మిదే. ఒక పెన్సిలూ ఒక గ్లాసు కాఫీ ఇచ్చి వదిలేస్తే, కాఫీ చల్లారేలోగా ఎవరు ఎక్కడ కూర్చోవాలో తేల్చేసి, శనికి కూడా మర్యాదైన చోటు చూపించి ఉండేవాడు. ఈ మాట నేను తేలిగ్గా అనడం లేదు. నూజివీడులో ముప్పై ఏళ్లు మామిడికాయల వ్యాపారం చేసి, ఆ తర్వాత సుడోకులో పడ్డ మనిషి గురించి తేలిగ్గా మాట్లాడటం మా ఇంటావంటా లేదు.

ఆయనకున్న జబ్బు ఒక్కటే. ఏ పనైనా సులువుగా అయిపోతుంటే చూడలేడు. వెంటనే దానికి ఇంకో రూలు తగిలిస్తాడు.

పేపర్లో రోజూ వచ్చే సుడోకు సంగతి మీకు తెలుసు. అడ్డంగా తొమ్మిది గడులు, నిలువుగా తొమ్మిది. ఒకటి నుంచి తొమ్మిది దాకా అంకెలు. ఏ అడ్డువరసలోనూ, ఏ నిలువువరసలోనూ, లోపలి చిన్న చదరాల్లోనూ ఒక అంకె రెండోసారి రాకూడదు. మామూలు జనానికి ఇది చాలు. మా తాతయ్యకి ఇది ఉప్పు లేని పెసరపప్పు. పేపరు రాగానే ఎర్ర పెన్ను తీసుకుని మూల నుంచి మూలకి రెండు గీతలు గీసి, "ఈ గీతల మీద కూడా ఏ అంకే రెండుసార్లు రాకూడదు" అంటాడు.

"పేపరు వాళ్లు అలా అనుకుని ఇవ్వలేదు కదా తాతయ్యా! కుదరకపోతే?"

"కుదరకపోతే వాళ్లిచ్చిన అంకెల్లో ఒకటి కొట్టేస్తా."

"అది మోసం కదా?"

"సంస్కరణ," అన్నాడు తాతయ్య, కళ్లజోడు సర్దుకుని.

కొన్నాళ్లకి ఆ గీతలు కూడా చప్పబడ్డాయి. అప్పుడు గుర్రం వచ్చింది. చదరంగంలో గుర్రం ఎగిరి దూకే దూరంలో అదే అంకె మళ్లీ కనిపించకూడదు. ఇది కాగితం మీదే ఉంటే మాకేం బాధ లేకపోయేది. కాని తాతయ్య నెలరోజుల వంటని గడులుగా గీసి వంటింటి తలుపుకి అంటించాడు. ఒకరోజు నానమ్మ దోసకాయ పప్పు వడ్డించబోతే చెయ్యి అడ్డం పెట్టాడు.

"సాయిలక్ష్మీ, కిందటి గురువారం కూడా దోసకాయ పప్పే. సరిగ్గా గుర్రం దూరంలో ఉంది."

నానమ్మ గరిటె దింపలేదు. "అయితే ఆ గుర్రాన్నే వచ్చి వండిపెట్టమనండి."

తాతయ్య చెయ్యి తీశాడు. పప్పు కలుపుకుంటూ, "ఈ ఒక్క గడికీ మినహాయింపు," అని గోడవైపు చూసి ప్రకటించాడు. మా ఇంట్లో రూళ్లన్నీ ఆయనవి, మినహాయింపులన్నీ నానమ్మవి.

గుర్రం తర్వాత గూళ్లు వచ్చాయి. ఈ రకంలో ముందుగా అంకె ఒక్కటి కూడా ఇవ్వరు. చుక్కలగీతతో గూళ్లు గీసి, గూట్లో అంకెలన్నీ కలిపితే ఎంతవుతుందో మాత్రం చెబుతారు. మిగతాది మన ఖర్మ. తాతయ్య ఈ రకంలో మునిగిన వారంలోనే ఆశా వర్కర్ దుర్గ మా ఇంటికి సర్వేకి వచ్చింది.

"బాబాయిగారూ, మీ వయసెంతండీ?"

"నాదీ మీ పిన్నిదీ కలిపి నూట నలభై మూడు."

"విడివిడిగా చెప్పండీ."

"తేడా ఏడు. పెద్దవాణ్ణి నేను. ఇంతకంటే చెబితే నీకు అవమానం."

"నాకేం అవమానం లేదండీ! ఇంకా పద్దెనిమిది ఇళ్లు తిరగాలి నేను."

"కూర్చో తల్లీ. పెన్సిలు ఇస్తా."

పాపం, దుర్గ నిజంగానే కూర్చుంది. డెబ్బై అయిదు, అరవై ఎనిమిది అని తేల్చాక ఆమె ముఖంలో వెలుగు చూసి నాకే భయం వేసింది. పక్కింటికి వెళ్లి ఆమె కూడా అలాగే అడుగుతుందేమోనని గోడ మీంచి తొంగి చూశాను. అడగలేదు. ఆ మేరకు ఊరు బతికిపోయింది.

ఇక తోట. తాతయ్య పన్నెండేళ్ల కిందట రెండెకరాల్లో మామిడి వేశాడు. మా వైపు తోట వేసేవాళ్లు బుద్ధిగా ఒకటో రెండో రకాలు వేసుకుంటారు. తాతయ్య తొమ్మిది రకాలు తెచ్చి, తొమ్మిది వరసల్లో, వరసకి తొమ్మిది చెట్ల చొప్పున, ఎనభై ఒక్క చెట్టు వేయించాడు. ఏ వరసలోనూ ఏ రకమూ రెండుసార్లు ఉండదు. అడ్డంగా చూసుకోండి, నిలువుగా చూసుకోండి, మూడేసి చెట్ల చదరంగా చూసుకోండి. బంగినపల్లి పక్కన పెద్దరసం, దాని పక్కన సువర్ణరేఖ, ఆ పక్కన తోతాపురి. పూత మీద తోటలు కొనే వ్యాపారులు గేటు దాకా వచ్చి, చెట్లని చూసి, చెప్పులు చేత్తో పట్టుకుని మరీ పారిపోయేవాళ్లు.

ఆ చెట్లు నాటినవాడు నరసింహులు. అంటు మొక్కలు నాటడంలో జి. కొండూరు నుంచి బాపులపాడు దాకా అతని చేతికి పేరుంది. ఆ పనిలో పేరంటే మాటలు కాదు. అంటు మొక్కలు చిన్నప్పుడు చూస్తే అన్నీ ఒక్క తల్లి పిల్లల్లా ఉంటాయి. ఏది ఏ రకమో నాటేవాడి మాటే సాక్ష్యం. నాలుగేళ్లకి కాయ పడితే కాని అసలు సంగతి బయటపడదు. అప్పటికి చెట్టు పాతుకుపోయి ఉంటుంది. అందుకే ఒక్క తోటలో రకాలు కలిపేశాడని పేరొస్తే ఇంకో తోటవాడు ఆ మనిషిని గేటు దాటనివ్వడు.

నాలుగేళ్ల కిందటి వేసవిలో రెడ్డిగూడెం నుంచి నారాయణరావుగారు వచ్చారు. ఆయన పదెకరాల తోట వేయబోతున్నారు. సగం బంగినపల్లి, సగం చిన్నరసం. నరసింహులుని తోట మేస్త్రీగా పెట్టుకుని, నాటడం నుంచి కాపు దాకా అతని చేతికే అప్పగిద్దామని అనుకున్నారు. అప్పటికే రోజుకూలీకి పక్క ఊళ్లు తిరిగి తిరిగి నరసింహులు మోకాళ్లు అరిగిపోయాయి. ఒక్కచోట కుదురుకునే పని అది. కాకపోతే నారాయణరావుగారు అంతకుముందు ఒకసారి రకాలు కలిసిపోయి దెబ్బ తిన్నవారు. అతను నాటిన తోట ఒకటి కాయతో సహా చూశాకే మాట ఇస్తానన్నారు.

నరసింహులు ఆరోజు ఇస్త్రీ చొక్కా వేసుకొచ్చాడు. తాతయ్య, నారాయణరావుగారు ముందు నడుస్తుంటే, అతను పది అడుగులు వెనక నడుస్తున్నాడు. నేను కూడా వెళ్లాను. అప్పటికి నా ఇంటర్ లెక్కల పేపర్లో ఆగిపోయి నెల తిరగలేదు. లెక్కల మనిషి మీద ఎక్కడైనా ఒక్క తప్పు దొరికితే చాలని తోట పటం పట్టుకుని ప్రతి చెట్టూ చూస్తున్నాను. దేవుడు ఉన్నాడు. దొరికింది.

"తాతయ్యా! తప్పు!" అని తోటంతా వినబడేలా అరిచాను. "నాలుగో వరసలో రెండు చిన్నరసాలు! అయిదో వరసలో రెండు పెద్దరసాలు! చివరి చెట్లు రెండూ తారుమారు!"

నారాయణరావుగారు ఆగిపోయారు. కాయల వంక చూశారు. తర్వాత తిరిగి నరసింహులు వంక చూశారు. నరసింహులు మా ఎవరి వంకా చూడలేదు. భుజం మీది తువ్వాలు తీసి, చెమటే లేని ముఖం తుడుచుకోవడం మొదలుపెట్టాడు. అప్పుడు అర్థమైంది నాకు, నేను పట్టుకున్న తప్పు ఎవరి మెడకి చుట్టుకుందో. నోరు మూసుకున్నాను కాని, ఏం లాభం!

తాతయ్య నింపాదిగా నా దగ్గరికి వచ్చాడు. "ఇంటర్ ఎందుకు పోయిందో ఇప్పుడు తెలిసింది. నవ్యా, వరస అంటే ఏంటి?"

"అడ్డంగా ఉన్న చెట్లు."

"కాదు. ఒక్క పైపు నీళ్లు తాగేది వరస. కింద చూడు. నాలుగో వరస పైపు చివర్లో ఎటు పోయింది?"

చూశాను. డ్రిప్పు పైపు ఎనిమిదో చెట్టు దాకా నేరుగా వెళ్లి, అక్కడ వంగి, అయిదో వరసలోని చివరి చెట్టుకి చేరింది. అయిదో వరస పైపు దాని మీదుగా దాటి పైకొచ్చి, నాలుగో వరసలోని చివరి చెట్టు మొదట్లో ఆగింది.

"దీన్ని వంకర వరసల సుడోకు అంటారు," అన్నాడు తాతయ్య, గుళ్లో పూజారి గోత్రం చదివినంత గంభీరంగా. "అనుభవం ఉన్నవాళ్లు ఆడేది. నేనే చెప్పి వేయించా. నేరుగా పోనిద్దాం అయ్యగారూ అని నరసింహులు బతిమాలాడు. నేనే వినలేదు."

నారాయణరావుగారికి ఇంకా అనుమానం తీరలేదు. "పైపుల్ని ఇలా మెలిపెట్టడం వల్ల లాభం ఏంటండీ?"

"లాభమా!" తాతయ్య ఆయన మోచెయ్యి పట్టుకున్నాడు. "రండి, చెబుతా. మీ పదెకరాలకీ గుర్రం రూలు పెడదాం. ప్రతి చిన్నరసానికీ గుర్రం దూరంలో..."

"వద్దండీ."

"పోనీ గూళ్లు? ఒక్కో గూట్లో కాయలన్నీ కలిపి ఎంతో మీరు చెప్పండి, ఏ చెట్టుకెన్నో నేను..."

"కృష్ణారావుగారూ, నాకు అన్నం వేళయిందండీ."

తాతయ్య వదల్లేదు. ఎండలో ముప్పావుగంట చెప్పాడు. నారాయణరావుగారు చివరికి ఎలాగో చెయ్యి విడిపించుకుని, కారు తలుపు తీస్తూ నరసింహులుని పిలిచారు. "ఈయన చెప్పినట్టు నాటి కూడా మతి చెడకుండా ఉన్నావంటే, నా తోట నీకో లెక్క కాదు. తొలకరికి వచ్చెయ్."

కారు వెళ్లిపోయింది. నరసింహులు అక్కడే గట్టు మీద కూలబడ్డాడు. నేను వెళ్లి పక్కన కూర్చున్నాను.

"నేనే వేశానమ్మా తప్పు," అన్నాడు. "నాటే రోజు వాన కొట్టింది. మొక్కలకి కట్టిన చీటీలు ఊడిపోయినాయి. గుర్తుపట్టగలననుకున్నా. తొలి కాపులో కాయ చూడగానే సంగతి తెలిసిపోయింది. అయ్యగారిని పిలిచి చూపించా. ఆయన ఆ రెండు చెట్లకేసీ చాలాసేపు చూసి, 'పైపులు మార్చెయ్' అన్నారు. అంతే."

నేను పరుగున ఇంటికి వెళ్లి నానమ్మని నిలదీశాను. నానమ్మ చింతపండు పిసుకుతూ, తల ఎత్తకుండానే చెప్పింది.

"మన తోట తొలి కాపు దాకా మీ తాతయ్యకి పేపర్లో సుడోకు చాలేది. ఒక్క అంకె అటూ ఇటూ అయితే అన్నం సహించేది కాదు. ఆ వేసవిలోనే బెజవాడ నుంచి ఇంత లావు పుస్తకం తెప్పించారు, రకరకాల సుడోకులున్నది. ఎందుకండీ ఇది అంటే ఏమన్నారో తెలుసా? ఒక్క చెట్టు దగ్గరే కొత్త రూలు పెడితే జనం ఆరా తీస్తారు, అన్నిటికీ పెడితే పిచ్చి అనుకుని వదిలేస్తారు అన్నారు."

"అంటే ఆ ఎర్ర గీతలూ, గూళ్లూ, అంతా నాటకమేనా?"

"మొదట్లో నాటకమే." నానమ్మ చింతపండు పిప్పి పారేసింది. "గుర్రం మాత్రం నిజంగానే పట్టుకుంది."

నారాయణరావుగారి తోట ఈ వేసవిలో తొలి కాపుకి వచ్చింది. పదెకరాల్లో ఒక్క అంటు కూడా తారుమారు కాలేదు. కాయలన్నీ చూసుకున్నాక నరసింహులే వెళ్లి ఆయనకి పాత సంగతంతా చెప్పేశాడు. నారాయణరావుగారు నవ్వి నవ్వి, ఎండలో ముప్పావుగంట నిలబెట్టినందుకు మాత్రం తాతయ్యని క్షమించనని కబురు పంపారు. నరసింహులు ఇప్పుడు ఈ కథ ఎవరు అడిగినా అడక్కపోయినా చెబుతున్నాడు. అందుకే నేనూ రాయడానికి సిద్ధపడ్డాను. ముందుగా ఒక మాట అడుగుదామని తాతయ్య దగ్గరికి వెళ్లాను. వాకిట్లో కుర్చీలో కూర్చుని, అయిదు చదరాలు ఒకదాని మూలల్లోకి ఒకటి చొచ్చుకుపోయిన సుడోకు ఏదో నింపుతున్నాడు.

"తాతయ్యా, నీ గురించి రాస్తున్నా. నువ్వు చాలా మంచివాడివని రాయనా?"

తాతయ్య పెన్సిలు ఆపలేదు. "మంచివాణ్ణని తెలిస్తే ఊళ్లో తప్పు చేసిన ప్రతివాడూ మనింటికే వస్తాడు. పిచ్చివాడనే రాయి."