పోశయ్య రష్యా మండలం

పోశయ్యతో ఏ మాట మొదలుపెట్టినా అది చివరికి రష్యాలోని తల్నికోవ్ మండలానికి చేరుతుంది. అక్కడివాళ్లు దాన్ని రయోన్ అంటారు. తాలూకా ఆఫీసు, పోలీస్ స్టేషను, పాలకేంద్రం ఉన్నాక అది మండలం కాక మరేమిటని పోశయ్య వాదన. మాస్కో గురించి అడిగితే మాత్రం, "అది వేరే జిల్లా, నాకెరుక లేదు" అనేస్తాడు. తన కళ్లతో ఆయన చూసిన ప్రపంచమల్లా జగిత్యాల పక్కన సొంతూరు, గల్ఫ్‌లో రువైస్ రిఫైనరీ, ఆ రెంటి మధ్యా రెండు విమానాశ్రయాలు.

ఈ సంగతి నరేశ్‌కు తెలిసినంతగా రిఫైనరీ పనివాళ్ల క్యాంపులో ఇంకెవరికీ తెలియదు. పాపం, అతనికి దొరికిన మంచం పోశయ్య మంచం పక్కది. ఇద్దరిదీ స్కఫోల్డింగ్ పని. పైపుల చుట్టూ గొట్టాలు, పలకలు బిగించి వెల్డర్లు నిలబడడానికి మెట్లు కట్టాలి. ఎంత ఎత్తుకెక్కినా నరేశ్‌కు పోశయ్య నుంచి విముక్తి లేదు. ఆయనా పక్కనే ఎక్కుతాడు.

ఒకసారి పప్పులో ఉప్పు తగ్గిందన్నాడు నరేశ్. ఆ మండలంలో గ్లుఖోయె అనే ఊరివాళ్లు ఏడాదికి సరిపడా ఉప్పు చలికాలంలోనే తెచ్చిపెట్టుకుంటారని, మంచు కరిగితే దారంతా బురదేనని పోశయ్య అందుకున్నాడు. ఆ ఊళ్లో ఉన్నది మొత్తం ముగ్గురు, ఇద్దరు ముసలమ్మలు, ఒక మేకలకాపరి. ముసలమ్మలకు ఇరవై ఏళ్లుగా మాటల్లేవు. ఒకరు తిట్టింది ఇంకొకరికి చేరవేయడం కాపరి పని. ఇదంతా అయ్యేసరికి పప్పు చల్లారింది, ఉప్పు మాత్రం రాలేదు.

ఇంకోసారి ఫోర్‌మన్ సనావుల్లా అందరినీ నిలబెట్టి, ఎండలు ముదిరాయి, నీళ్లు బాగా తాగండని చెబుతున్నాడు. తల్నికోవ్‌లో షెల్మా నది నాలుగు నెలలు గడ్డకట్టి రోడ్డయిపోతుందని, దాని మీద బస్సు వేళ తప్పకుండా నడుస్తుందని పోశయ్య అడ్డం వచ్చాడు. నలభై ఎనిమిది డిగ్రీల ఎండలో అరవై మంది నోళ్లు తెరుచుకుని విన్నారు. యల్లా యల్లా అని అందరినీ పనికి తరిమిన సనావుల్లా కూడా మధ్యాహ్నం చాటుగా వచ్చి, ఆ బస్సుకు స్టాపులు ఎక్కడ పెడతారని అడిగి వెళ్లాడు.

నిజానికి నరేశ్‌కు విసుగుకంటే అబ్బురమే ఎక్కువ. తన జిల్లాకంటే పెద్ద నేల మీద తొమ్మిది వేల మంది మనుషులేమిటి? ఒక ఊరి దీపం ఇంకో ఊరికి కనపడదట. వేసవిలో రాత్రి పది గంటలకూ పొద్దు గూకదట. నలభై ఒక్క ఊళ్లు, ఏ ఊళ్లో ఎన్ని ఇళ్లు, ఏ ఇంట్లో తేనెపెట్టెలు ఉన్నాయి, అన్నీ పోశయ్య నోటికి వచ్చు. పరీక్షిద్దామని నరేశ్ ఒకసారి కాగితం మీద రాసుకుని ఆరు నెలల తర్వాత మళ్లీ అడిగాడు. ఒక్క ఇల్లు కూడా తేడా రాలేదు. అడిగిన పాపానికి నలభై ఒక్క ఊళ్లూ మళ్లీ విన్నాడు.

ఈ చదువంతా చెప్పిన గురువు గెన్నాది. వెల్డింగ్ తనిఖీ చేసే రష్యన్, అరవైకి దగ్గర పడ్డవాడు. ఆరేళ్లు పోశయ్య కట్టిన మెట్ల మీదే ఎక్కి దిగాడు. టీ వేళ ఇద్దరూ సైటు హిందీలో ఊళ్ల కబుర్లు చెప్పుకునేవాళ్లు. గెన్నాది సొంతూరు యెర్మాఖ, తల్నికోవ్ మండలంలోదే.

రెండువేల ఇరవై మూడు మార్చిలో గెన్నాదికి పక్షవాతం వచ్చింది. అబుదాబీ ఆసుపత్రిలో చేర్చారు. చెయ్యి మెల్లగా కదలసాగింది కాని మాట రాలేదు. ఊరి నుంచి భార్య తమారా రోజూ వీడియో కాల్ చేస్తే, మూగగా కనపడడం ఇష్టంలేక మొహం గోడవైపు తిప్పుకునేవాడు. అన్నీ అర్థమవుతున్నాయని, గొంతు కూడా బాగానే ఉందని, ఇక ఏదో ఒకటి చెప్పి తీరాలన్న పట్టుదల ఆయనలోనే పుట్టాలని, రోజులు గడిచేకొద్దీ కష్టమవుతుందని డాక్టర్లు చెప్పారు. ఏప్రిల్ నెలాఖరుకు ఆయన్ను స్వదేశం పంపేయాలని కంపెనీ నిర్ణయించింది.

అప్పటినుంచి పోశయ్య ప్రతి ఆదివారం మూడు గంటలకుపైగా బస్సులో కూర్చుని అబుదాబీ వెళ్లడం మొదలుపెట్టాడు. లేచి పారిపోలేని శ్రోత ఇన్నాళ్లకు దొరికాడని క్యాంపంతా నవ్వింది. నరేశ్ కూడా నవ్వాడు. నాలుగో ఆదివారం మాత్రం, పెద్దమనిషిని చూసొద్దామని తనూ బయలుదేరాడు.

వార్డులో నర్సు దయాకుమారి ఉంది, కాకినాడ దగ్గరి అమ్మాయి. పోశయ్య మంచం పక్కన కుర్చీ లాక్కుని కూర్చుని ఎప్పటిలాగే మొదలెట్టాడు. షెల్మా నది పడమటికి పారుతుందన్నాడు.

నరేశ్ ఉలిక్కిపడ్డాడు. అది ఉత్తరానికి కదా పారాలి. గ్లుఖోయెలో మూడు వందల మంది ఉన్నారని, ముసలమ్మలిద్దరూ ప్రాణ స్నేహితులని పోశయ్య సాగించాడు. పాలకేంద్రాన్ని తీసుకెళ్లి అడవిలో పెట్టాడు. ఆయనకూ ఏదో అయిందని భయపడి నరేశ్ సరిచేయబోయాడు. దయాకుమారి అతని చెయ్యి పట్టుకుని వెనక్కి లాగింది.

"మీరూరుకోండన్నయ్యా. నాలుగు వారాల్నుంచీ కావాలనే తప్పులు చెబుతున్నారాయన. తప్పు చెప్పినప్పుడే ఈయన గొంతులోంచి చప్పుడొస్తంది."

ఒక్క ఇల్లు కూడా తప్పు చెప్పడానికి మనసొప్పని మనిషి, మండలం మొత్తాన్ని చెడగొట్టుకుంటున్నాడు.

గెన్నాది కనుబొమలు ముడిపడ్డాయి. గొంతులో గురగుర మొదలై, పెదవుల దాకా వచ్చి ఆగిపోయింది. పోశయ్య చెమట తుడుచుకున్నాడు. కాసేపు ఆలోచించి, కుర్చీ ఇంకాస్త దగ్గరికి జరుపుకుని, చాలా మామూలుగా చెప్పాడు.

"గెన్నాది భాయ్, మాలూం హై క్యా? యెర్మాఖ అబ్ తల్నికోవ్ మే నహీ హై. సర్కార్‌నే బాజూవాలే మండల్ మే మిలా దియా. ఖలాస్."

సొంతూరిని పక్క మండలంలో కలిపేశారన్న మాట విని గెన్నాది మొహం ఎర్రబడింది. బాగున్న చెయ్యి మంచం మీద దబ్బున పడింది.

"న్యెత్" అన్నాడు, కాదని.

వార్డులో అందరూ తిరిగి చూశారు. "న్యెత్, న్యెత్. యెర్మాఖ... తల్నికోవ్." మాట ముద్దముద్దగానే ఉంది. అయినా అది మాటే. తర్వాత ఫోను వైపు చెయ్యి చాచి, "తమారా" అన్నాడు. ఇంత ఘోరం జరిగితే తనకొక్క ముక్క చెప్పలేదేమని భార్యను నిలదీయాలి ఆయనకు.

దయాకుమారి గబగబా ఫోను కలిపింది. తమారాకు భర్త దేనికి కేకలేస్తున్నాడో ఒక్క ముక్క అర్థం కాలేదు. ఆమె నవ్వుతూ, కళ్లు తుడుచుకుంటూ, ఆయన తిట్టినంతసేపూ తిట్టించుకుంది. మండలం ఎక్కడికీ పోలేదని తేలాక గెన్నాది పోశయ్య వైపు తిరిగి, నది మొదలు మేకలకాపరి దాకా నాలుగు వారాల తప్పులనూ ఒక్కొక్కటిగా, తడుముకుంటూ దిద్దడం మొదలుపెట్టాడు. పోశయ్య చేతులు కట్టుకుని బడిపిల్లవాడిలా తలూపాడు. తెలిసిందే అయినా ప్రతి ముక్కా కొత్తగా విన్నాడు. తిట్లు తింటూ అంత వెలిగిపోయిన మనిషిని నరేశ్ అంతకుముందెన్నడూ చూడలేదు.

తిరుగు బస్సు ఊరు దాటాక నరేశ్ ఉండబట్టలేక అడిగాడు. "కాకా, నదిని అడ్డం తిప్పినా మాట్లాడలే ఆయన. మండలం మార్చంగనే మాట్లాడుతడని నీకెట్ల తెల్సు?"

పోశయ్య కిటికీలోంచి ఇసుకను చూస్తూ చెప్పాడు. "మా ఊరును తీస్కపోయి పక్క మండలంల కలిపిన్రు సూడు, అప్పుడు మా నాయిన పదకొండు రోజులు రోడ్డు మీద ధర్నాకు కూసున్నడు. మైకు వట్టుకొని మాట్లాడిండు. అంతకు ముందు మా అమ్మ సచ్చిపోయినంక రెండేండ్లు ఎవ్వలతోని ఒక్క మాట మాట్లాడలేదు నరేశ్."