మంచు నల్లబడిన రోజులు

ఎండలు ముదరగానే ఫలక్‌నుమాలో మా డాబాకు సున్నం కొట్టిస్తాను. తడి ఆరీ ఆరకముందే ఆ తెలుపు ఎండను పట్టి కళ్ళలోకి కొడుతుంది. ఈసారి కూడా కళ్ళు చికిలించుకుని నిలబడ్డానో లేదో, సులోచన మేడం గుర్తొచ్చారు. వెంటనే ఒళ్ళు మండింది. ఆవిడ మీద కాదు, ఆవిడను అవమానించినవాళ్ళ మీద.

మా ఆఫీసులో ఆవిడ నాకు పైఅధికారి. ధ్రువ ప్రాంతాల్లో మంచు కప్పిన నేల ఎండను ఎంత తిప్పికొడుతుందో కొలవడం మా పని. మేడం వాళ్ళది తరతరాలుగా గుడి సేవలో ఉన్న కుటుంబం. ఇంట్లో మడి, బయట కొలిచే మంచు, రెంటినీ ముట్టుకోకూడదని తనమీద తనే నవ్వుకునేవారు. అంటార్కిటికా వెళ్ళేముందు నాకు పని నేర్పింది కిషన్‌బాగ్‌లోని తన ఇంటి డాబా మీదే. సున్నపు నేలనే మంచు అనుకోమన్నారు. ఒక కడ్డీ చివర గాజు బుడగల్లాంటి పరికరాలు రెండు. ఒకటి ఆకాశం వైపు, వచ్చే వెలుగును కొలవడానికి. ఇంకొకటి నేల వైపు, తిరిగిపోయే వెలుగును కొలవడానికి. మేం ఖాలా అని పిలిచే పక్కింటి పెద్దావిడ దుప్పట్లు ఆరేస్తే లెక్క తప్పేది, బతిమాలి తీయించేవాళ్ళం. ఒకరోజు అంకె మరీ తక్కువ వచ్చింది. పరికరం పాడైందన్నాను.

"పాడైందని నోటితోని చెప్తే కాదమ్మా. పైది కిందికి, కిందిది పైకి మార్చి చూడు. గప్పుడు గూడ గంతే వస్తే తప్పు నేలది, పరికరానిది కాదు" అన్నారు.

మార్చి చూశాను, అంతే వచ్చింది. వంగి చూస్తే, సందు చివరి రొట్టెల బట్టీ మసి సున్నం మీద పలచగా పరుచుకుని ఉంది.

అంటార్కిటికాలోనూ కొన్ని రోజులు అంకెలు అలాగే పడిపోయాయి. గాలి మా స్థావరం జనరేటర్ల వైపు నుంచి వీచిన రోజులవి. మేడం బుడగల మీద గడ్డకట్టిన పొర తుడిచారు, మట్టం సరిచూశారు, వేళ్ళు కొంకర్లు పోతున్నా రెండు పరికరాలనూ తారుమారు చేసి మళ్ళీ కొలిచారు. అంకె మారలేదు. మంచును కొలవడానికి వెళ్ళిన మా జనరేటర్ల మసే ఆ మంచును నల్లబరుస్తోంది.

తిరిగొచ్చాక మా ఆఫీసు పెద్దసారు ఏసీ గదిలో కూర్చుని, చలికి పరికరం మొరాయించిందని రాసి నివేదికలోంచి ఆ రోజులు తీసేయమన్నాడు. మార్చి చూశారా అని ఒక్కడంటే ఒక్కడు అడగలేదు.

"సార్, మంచు నల్లగైంది. దాన్ని కడిగి చూపెట్టుడు నాతోని కాదు. గా రోజులు తీసేస్తే నా పేరు గూడ తీసేయండి" అన్నారు మేడం.

ఆ రోజులనూ, ఆవిడ పేరునూ ఎంత హాయిగా తీసేశారో! నివేదిక మచ్చలేకుండా వచ్చింది. ఆవిడను మాత్రం కుర్చీలూ బల్లలూ చూసుకునే విభాగానికి మార్చారు, రిటైరయ్యేదాకా అక్కడే ఉంచారు. చేసిందంతా చేసి చివరిరోజు శాలువా కప్పారు. ఆ చప్పట్లు విని నేను బయటికి వెళ్ళిపోయాను.

నివేదిక వచ్చిన రోజే నేను కోపంతో వాళ్ళింటికి వెళ్ళి, నా పేరు కూడా తీయిస్తానన్నాను. అబద్ధం కింద నా పేరెందుకని వాదించాను. ఆవిడ అంతా విని, చేతిలోని టీ కప్పు కింద పెట్టారు.

"నువ్వు తీపియ్యకు. పేరున్నోళ్ళకే తప్పు దిద్దమని అడిగే హక్కుంటది. ఇద్దరం పోతే అడిగేటోళ్ళెవరుంటరు?"

ఆవిడ ఇప్పుడు లేరు. ఆ నివేదికలో నా పేరు ఉంది, చూసినప్పుడల్లా కంపరమెత్తుతుంది. అయినా ప్రతి సమీక్షలోనూ లేచి, ఆ రోజులు తిరిగి ఎప్పుడు చేరుస్తారని అడుగుతాను. నేను లేవగానే కొందరు గడియారం చూసుకుంటారు, కొందరు టీ తాగొస్తామని బయటికి పోతారు. పోనివ్వండి. వాళ్ళు తిరిగొచ్చేదాకా నేను కూర్చోను.