బల్లకింది తూటాలు

ఆ ఏడాది లర్లీన్ దుకాణంలో ఉక్కు గుళ్ళ తూటాలకు పట్టినంత దుమ్ము ఇంక దేనికీ పట్టలేదు. లూసియానా చిత్తడి నేలల్లో నీటిబాతుల మీద సీసం గుళ్ళు పేల్చకూడదని, ఉక్కువే వాడాలని చట్టం వచ్చింది. తరతరాలుగా సీసం అమ్మి మేడలు కట్టిన కంపెనీవాళ్ళే రాత్రికి రాత్రి ప్రకృతి ప్రేమికులైపోయారు. వాళ్ళ ఉక్కు తూటాల డబ్బా మీద గద్ద బొమ్మ, కింద 'మన నీళ్ళు మన పిల్లలకి' అన్న అచ్చు, ధర మాత్రం రెట్టింపు. ఆ గద్దను చూస్తేనే వేటగాళ్ళకు ఒళ్ళు మండేది. "ఇవి బాతుల్ని కొట్టడానికా, ఈకలు దువ్వడానికా?" అని నవ్వి, చేపల ఎర కొనుక్కుని పోయేవాళ్ళు.

లర్లీన్‌కూ ఆ కంపెనీ మీద ప్రేమేమీ లేదు. కానీ ఇసుకరాళ్ళనుకుని సీసం గుళ్ళు మింగిన బాతులు, ఆ విషానికి మెడ నిలపలేక, రెక్కలు వేలాడేసుకుని, తన ఇంటి వెనక బురదలో చావడం ప్రతి చలికాలమూ చూస్తూనే ఉంది. ఒకసారి చచ్చిన బాతు కడుపు కోసి, గుళ్ళు ఏరి తమ్ముడు క్లోవిస్ ముందు పెట్టింది. వాడు తిప్పి తిప్పి చూసి, అవి తనవి కావన్నాడు.

అసలు బెంగ వాడి గురించే. పట్నంవాళ్ళను వేటకు తీసుకెళ్ళడమే వాడి బతుకుతెరువు. కిందటేడు హద్దుకు మించి బాతుల్ని కొట్టి, వేట చట్టం చూసే వార్డెన్‌కు పట్టుబడ్డాడు. ఇంకోసారి దొరికితే తుపాకీ జప్తు, లైసెన్సు రద్దు. అయినా సీసమే కావాలని మొండికేశాడు.

తూటాలు నింపే చిన్న కార్ఖానా ఒకటి పక్క ఊళ్ళో ఉంది. లర్లీన్ అక్కడ ఉక్కు గుళ్ళతోనే, పైన ఏ రాతా లేని తూటాలు చేయించి, మట్టిరంగు కాగితంలో చుట్టి బల్ల కింద పెట్టింది. అవి సీసమని ఎవరితోనూ అనలేదు. గుమ్మం వైపు ఓసారి చూసి, గొంతు తగ్గించి, "మనిషికి రెండే డబ్బాలు. వార్డెన్ దగ్గర నా పేరెత్తకండి" అనేది, అంతే. తాతల నాటి తుపాకులకు ఉక్కు పడదు కనుక, కారణం చెప్పకుండానే అలాంటివి ఉన్నవాళ్ళకు ఇవ్వనంది. దాంతో సరుకు మరీ ఘాటైనదన్న పేరొచ్చింది.

రెండు వారాల్లో చిత్తడంతా అదే మాట, సీసం దెబ్బ సీసందేనని. అందరికంటే క్లోవిస్ గొంతే పెద్దది. ఆదివారం అక్క ఇంట్లో బాతు గంబో పులుసు తింటూ గుండు కొరికాడు. పన్ను చివర విరిగింది. మెత్తటి సీసం పన్ను ఎలా విరుస్తుందన్న ఆలోచన రాలేదు వాడికి. గుండును కంచం అంచున పెట్టి, "చూశావా అక్కా, మగాడి సరుకంటే ఇదీ" అన్నాడు. లర్లీన్ ఇంకాస్త అన్నం వడ్డించింది.

ఆ తర్వాతి శనివారం తెల్లవారుజామున వార్డెన్ గిడ్రోజ్ పడవ, క్లోవిస్ బాతుల కోసం పొంచి ఉన్న రెల్లు మాటు దగ్గర ఆగింది. రాతల్లేని తూటాలు చూసి అతను జేబులోంచి దారానికి కట్టిన అయస్కాంతం తీశాడు. ఉక్కును పడుతుంది, సీసాన్ని పట్టదు. తుపాకీ పోయినట్టేననుకున్నాడు క్లోవిస్. అయస్కాంతం మొదటి తూటాకు టక్కున అంటుకుంది. రెండోదానికీ, ఆరోదానికీ. "బుద్ధొచ్చిందన్నమాట" అని గిడ్రోజ్ వాడి భుజం తట్టి పోయాడు.

క్లోవిస్ తిన్నగా దుకాణానికొచ్చాడు.

"నన్ను మోసం చేశావక్కా."

"వెళ్ళి వార్డెన్‌కి ఫిర్యాదు చెయ్యరా. తప్పు చేద్దామని కొనుక్కుంటే మా అక్క చెయ్యనివ్వలేదయ్యా అని చెప్పు. ఇంతకీ ఎన్ని బాతుల్ని కొట్టావు?"

"మూడు."

"ఎన్ని తూటాలకి?"

"నాలుగు" అన్నాడు, విరిగిన పన్నును నాలుకతో తడుముకుంటూ.

ఇంతలో ఇద్దరు వేటగాళ్ళు లోపలికొచ్చారు. గుమ్మం వైపు ఓసారి చూసి, ఆ సరుకు ఇంకా ఉందా అని గొణిగారు. క్లోవిస్ నోరు తెరిచి, అక్క మొహం చూసి మూశాడు. తర్వాత బల్ల కిందికి వంగాడు.

"మనిషికి రెండే" అన్నాడు.