కుర్చీ ఈడ్చమన్న మేడమ్

ఇనుప కుర్చీని గచ్చు మీద ఈడిస్తే వచ్చే కీచు చప్పుడుకి చాలామందికి పళ్లు జివ్వుమంటాయి. నాకు మాత్రం వెన్ను నిటారవుతుంది. నిన్న మా వీధి పిల్ల గౌరి నా ఎదురుగా కుర్చీ లాక్కున్నప్పుడు ఆ చప్పుడే వచ్చింది, సత్యవతి మేడమ్ గుర్తుకొచ్చారు. గౌరికి పరవాడ మందుల కంపెనీలో ఇంటర్వ్యూ ఉంది, దానికి తయారవడానికి నా దగ్గరకొచ్చింది. ఇంటర్వ్యూలో ఎలా నవ్వాలో, ఎప్పుడు తలూపాలో ఫీజు పుచ్చుకుని నేర్పే దుకాణాలు ఇప్పుడు వీధికొకటి. తలూపడం మాకొకడు నేర్పాలా? తాతల నాటి నుంచీ మేం చేస్తున్నది అదే కదా! తలెత్తడం నేర్పిన మనిషిని నేను ఒక్కరినే చూశాను.

తొంభైల మొదట్లో మద్దిలపాలెం బస్సు డిపో దగ్గర, ఒక బట్టల కొట్టు మేడ మీద ఆవిడ టైపు ఇన్‌స్టిట్యూట్ నడిపేవారు. నేను పోర్టులో కాంట్రాక్టరు కింద బస్తాలు మోసేవాణ్ని. బడి మొహం సరిగా చూడనివాణ్ని. పొట్లాల కాగితాలూ పాత పేపర్లూ చదివి నాకు నేనే చదువు చెప్పుకున్నాను. నడుం పట్టేసి, ఇక మోయలేననే రోజు వచ్చింది. ఏ గోడౌన్లోనో గుమాస్తా పని దొరక్కపోతే ఇంట్లో పొయ్యి వెలగదు. అందుకే నలభై దాటాక, పిల్లల మధ్య టైపు మిషను ముందు కూర్చున్నాను. కొన్నాళ్లకు ఒక షిప్పింగ్ కంపెనీ నుంచి ఇంటర్వ్యూకి పిలుపొచ్చింది. ఆ మాట చెబుదామని వెళ్లి, ఎప్పటిలాగే చెప్పులు మెట్ల కింద విడిచి, చేతులు కట్టుకుని ఆవిడ బల్ల ముందు నిలబడ్డాను.

"ఎర్రయ్యా, రోజూ సూత్తన్నాను. ఆ సెప్పులు కింద ఎందుకిప్పేత్తన్నావ్?"

"అలవాటు మేడమ్. మావోళ్లు తెప్ప ఎక్కినా ఇప్పేత్తారు, ఆపీసు గుమ్మం తొక్కినా ఇప్పేత్తారు."

"తెప్ప అన్నం పెడతాది, ఇప్పు, మొక్కు. ఆపీసోళ్లు నీకేటి పెట్టినారని?"

ఆ రోజు నుంచీ నాకు ఉత్తుత్తి ఇంటర్వ్యూలు, బల్లకు అవతల ఆవిడే ఆఫీసరు. అసలు ఇంటర్వ్యూకి ముందురోజే పోయి ఆ కంపెనీ గేటు చూసి రమ్మన్నారు. అక్కడ ఏ సరుకు దిగుతుందో కనుక్కోమన్నారు. తెలియనిది తెలియదని చెప్పాలి, తెలిసింది గొణక్కూడదు. "మీ నాయిన ఏటి సేసీవోడు?" అని ఆవిడ అడిగితే నేను నేల చూస్తూ "ఏదో... సముద్రం మీద..." అన్నాను.

"ఏదో ఏటి? దొంగతనమా? మళ్లీ సెప్పు!"

"సేపలు పట్టీవోడు మేడమ్!" అని అరిచాను. పక్క మిషను మీది కుర్రాడు "బావా, బీచి దాకా ఇనబడింది" అన్నాడు. మేడమ్ కూడా నవ్వారు. అన్నిటికంటే కష్టమైన పాఠం కుర్చీది. కూర్చోమనకపోతే ఏం చేయాలని అడిగాను.

"నువ్వే అడుగు. అడిగి లాక్కో. ఎత్తి పెట్టకు, ఈడు. సప్పుడవ్వాల. మనిసొచ్చాడని తెలియాల."

ఇంటర్వ్యూ గది దగ్గర బంట్రోతు నా రబ్బరు చెప్పులు చూసి "అవి బయట ఒగ్గీ" అన్నాడు. నా ముందు బూట్లతో వెళ్లినవాళ్లను అతను ఏమీ అనలేదు. "ఆళ్ల బూట్లిప్పించు, నాను సెప్పులిప్పుతాను," అని లోపలికి నడిచాను. ఎవరూ కూర్చోమనలేదు. "కూర్చోవచ్చా అండీ?" అని, జవాబు రాకముందే కుర్చీ ఈడ్చాను. కాగితాల్లోంచి తలలు లేచాయి. తండ్రి పని అడిగారు, గట్టిగా చెప్పాను. "డిగ్రీ లేకుండా ఎలా వచ్చావయ్యా?" అన్నాడొకాయన.

"మీ ప్రకటనలో చదవడం, రాయడం, టైపు అడిగారండి. డిగ్రీ అడగలేదు. మిషను తెప్పించండి."

మిషను తెప్పించలేదు. ఉద్యోగమూ ఇవ్వలేదు. ఏ మొహం పెట్టుకుని చెప్పాలా అనుకుంటూ మేడ ఎక్కితే, మేడమ్ నా మొహం కాదు, కాళ్లు చూశారు.

"ఇప్పినావా?"

"లేదు మేడమ్."

"కూకున్నావా?"

"కూకున్నాను."

"మరి ఏడుపు మొకమెందుకు? కుర్చీ లాక్కో. దువ్వాడ గోడౌనోళ్లకి ఎవలో గావాలంట, మళ్లీ మొదలెడదాం."

దువ్వాడలో కూడా కుర్చీ ఈడ్చాను. అక్కడ మిషను తెప్పించారు. ఓపిక ఉన్నన్నాళ్లూ ఆ గోడౌన్లోనే పనిచేశాను. నా బల్ల ముందు బస్తాలు మోసే ఏ కళాసీనీ నిలబెట్టి మాట్లాడలేదు. మేడమ్ ఇప్పుడు లేరు. ఆ మేడ మీద సెల్‌ఫోన్లు అమ్ముతున్నారు.

నిన్న గౌరి గుమ్మంలో చెప్పులు విడిచింది. మళ్లీ తొడుక్కోమన్నాను.

"ఇంట్లోకా తాతా?"

"ఇల్లయితే ఇప్పు. ఇప్పుడిది ఆపీసు."

తొడుక్కుని వచ్చి, కుర్చీని మెల్లగా ఎత్తబోయింది. "ఎత్తకు, ఈడు," అన్నాను. ఈడ్చింది. పక్కింటావిడ కిటికీ తీసి "ఏటా సప్పుడు మావా?" అని కేకేసింది.

"మా గౌరొచ్చింది," అన్నాను.